ఎడమ చక్రం, తండ్రి పేరు ఈడ్పుబండి

ఏనుగురేవు జలవిపత్తుల కార్యాలయానికి రక్షణ పడవ వచ్చిన రోజున దానికి బంతిపూల దండ వేశారు, గుమ్మడికాయ కొట్టారు, బ్యాండుమేళం వాయించారు. పడవ రెండు చక్రాల ట్రైలరు ఎక్కి, జీపు వెనకాల ఊరేగుతూ వచ్చింది. ఆ ట్రైలరుకు మాత్రం ఎవరూ బొట్టయినా పెట్టలేదు. గోదావరి పొంగిన రోజున పడవను ఏటి దాకా మోసుకెళ్లేది అదేనన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

ట్రైలరుతో పాటు దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే శాఖకు తెలుగు పూనింది. జిల్లా ప్రత్యేకాధికారి గారు సమావేశం పెట్టి, "ఈ కార్యాలయమందు ఇకమీదట ఇంగ్లీషు ముక్క కనపడినచో తగు చర్యలు తీసుకోబడును" అని మైకులో సెలవిచ్చారు. పుస్తకాన్ని తెలుగు చేసే పని సూపరింటెండెంటు అడబాల చిదంబరం మీద పడింది. పడిందనడం కంటే, అతనే కింద నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాడనడం న్యాయం. మాటలు పుట్టించడమంటే చిదంబరానికి పిచ్చి. స్టాప్లరుకు ‘పుటబంధిని’ అని పేరు పెట్టి, ఆ పేరుతో అడిగితే తప్ప దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వని మనిషి.

ట్రైలరు ‘ఈడ్పుబండి’ అయింది. బేరింగు ‘భారవాహకం’ అయింది. గ్రీజు ‘జిడ్డులేపనం’ అయింది. అసలు పుస్తకంలో ఉన్నది చిన్న విషయం. పడవను నీళ్లలోకి దింపాలంటే ట్రైలరును చక్రాలు మునిగేదాకా వెనక్కి తోయాలి. అలా మునిగినప్పుడల్లా బేరింగులు విప్పి, కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు కూరాలి. లేకపోతే లోపల నీళ్లు చేరి, తుప్పు పట్టి, నడిరోడ్డు మీద చక్రం కాలిపోయి ఊడిపోతుంది. చిదంబరానికి ఇది శుభ్రంగా అర్థమైంది. అర్థమైనదాన్ని అర్థమైనట్టే రాస్తే ఇక తన గొప్పేముంది? పుస్తకంలో ‘సబ్‌మర్షన్’ అన్న మాట దగ్గర ఆగి, టీలు తాగి, వరండాలో పచార్లు చేసి, చివరికి ‘ముంపు’ అని పెట్టాడు. పొట్టి మాట, అచ్చ తెలుగు మాట, గోదావరి గట్టున పుట్టిన ప్రతివాడికీ తెలిసిన మాట.

"ప్రతి ముంపు అనంతరం ఈడ్పుబండి భారవాహకములకు నూతన జిడ్డులేపనము పట్టించవలెను." ఈ వాక్యం చదివి ప్రత్యేకాధికారి గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన నిలబడ్డారు కాబట్టి కార్యాలయమంతా నిలబడింది.

ఏరు ఇంకా పలచగా ఉండగానే పడవను ఒకసారి దింపి చూశారు. ఆ మర్నాడు జీపు డ్రైవరు బుల్లియ్య తలపాగా విప్పి చంకలో పెట్టుకుని చిదంబరం బల్ల ముందు నిలబడ్డాడు.

"నిన్న చక్రాలు ములిగాయండి. ఇయ్యాల తిప్పితే కీచుమంటన్నాయండి. కాస్త గ్రీజు ఇప్పించండి."

"జిడ్డులేపనం," అన్నాడు చిదంబరం.

"ఆయ్, అదేనండి. డబ్బాలో ఉంటది కదండీ, గ్రీజు లాంటిది."

చిదంబరం స్టోర్సుకు చీటీ పంపించాడు. అక్కడ స్టోర్సు అధికారి పరాంకుశం గారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన చేతి మీదుగా ఒక్క వస్తువు కూడా వృథాగా బయటికి పోలేదు. అసలు ఏ వస్తువూ బయటికి పోలేదు. చీటీ పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. దాని వెనకాలే పరాంకుశం గారు కూడా వచ్చారు.

"ముంపు అనంతరం ఇవ్వమని తమరే రాశారు. మన మండలంలో ముంపు సంభవించినట్టు దాఖలా ఏదీ?"

చిదంబరం నవ్వాడు. "ఇక్కడ ముంపంటే వరద కాదండీ. చక్రం నీళ్లలో మునగడం."

"అలా అని ఉందా?"

"రాసింది నేనే కదండీ, చెబుతున్నాను."

"రాయడం వరకే తమ పని. రాసినదానికి అర్థం నిర్ణయించేది శాఖ. ముంపు అనగా వరద జలములచే ఆక్రమింపబడుట. దాన్ని ధ్రువీకరించవలసింది రెవెన్యూ వారు. తహసీల్దారు గారి ముంపు ధ్రువపత్రం తెండి, డబ్బా మూత నేనే స్వయంగా తీసి ఇస్తాను."

ఈలోగా బుల్లియ్య తన బావమరిది ట్రాక్టరు షెడ్డులోంచి ఇంత గ్రీజు ఆకులో తెచ్చి చక్రాలకు పెట్టేశాడు. కీచు ఆగిపోయింది. ఆగిపోవడంతోనే పట్టుబడ్డాడు. ‘ప్రభుత్వ ఆస్తిపై అనధికార లేపనం’ కింద పరాంకుశం గారు తాఖీదు ఇచ్చి, పూసినదంతా కిరసనాయిలుతో కడిగించి, ఆ మురికిని సీసాలో పోయించి సీలు వేయించారు.

ఆ సాయంత్రం ఇంటి దగ్గర చిదంబరం భార్య వరహాలు ఈ కథంతా వంకాయలు తరుగుతూ విన్నది. వరహాలు పుట్టిల్లు ఏటి మధ్య నేరేడులంక. నీళ్ల సంగతి ఆవిడకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"ఆ గ్రీజేదో కొట్లో ఓ డబ్బా కొనుక్కుని మీరే పెట్టేయొచ్చుగా?"

"అనధికార లేపనం అవుతుంది."

"ఈ మాట కూడా మీరు పుట్టించిందేనా?"

ఆ మాట పుట్టించింది అతనే. తాఖీదు రాసేటప్పుడు పరాంకుశం గారు అడిగితే సరదాపడి ఇచ్చాడు.

"సర్లెండి. శ్రావణంలో మా తమ్ముడి కూతురికి చెవులు కుట్టిస్తారంట, నేను లంకకెళ్లాలి. ఏరు పొంగితే మీ పడవే దిక్కు. గుర్తుపెట్టుకోండి," అంది వరహాలు.

తహసీల్దారు హైమవతి గారు మర్యాదస్తురాలు. ఎవరినీ నిలబెట్టి మాట్లాడదు. చిదంబరాన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, అంతా విని, "తప్పకుండా ఇద్దాం. బాధితుడి పేరు?" అంది.

"చక్రం అండి."

"ఇంటిపేరుతో సహా చెప్పండి."

"ఎడమ చక్రం. ఇంకొకటి కుడి చక్రం."

"తండ్రి పేరు?"

చిదంబరం ఆలోచించాడు. ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు ముందుకు కదలదని పక్కనున్న గుమాస్తా అన్నాడు. "ఈడ్పుబండి," అన్నాడు చిదంబరం.

"అన్నదమ్ములిద్దరూ ఒకే ఇరుసు కింద ఉంటున్నారు కాబట్టి ఒకే కుటుంబం. ఎడమ చక్రాన్ని కుటుంబ యజమానిగా వేస్తున్నాను. సరే, ముంపులో ఎన్నాళ్లున్నారు?"

"పడవ దింపినంతసేపు. పావుగంట ఉంటుందేమోనండి."

హైమవతి గారు కలం కింద పెట్టేసింది. ఆవిడ ముఖంలో నిజంగానే జాలి కనిపించింది. "పావుగంటా? నీళ్లు వారం రోజులు నిలిస్తేనే ముంపు బాధితుడండీ. నిబంధన అలా ఉంది. పావుగంటకే ఇస్తే రేపు స్నానం చేసిన ప్రతివాడూ వచ్చి కూర్చుంటాడు."

"చక్రాన్ని వారం నీళ్లలో ఉంచితే పాడైపోతుంది కదండీ!"

"పాడైతేనే కదండీ బాధితుడు?"

కాగితం మీద చూస్తే ఆవిడ అన్నది నిజమే. గ్రీజు రావాలంటే ధ్రువపత్రం రావాలి, ధ్రువపత్రం రావాలంటే చక్రం వారం నానాలి. ప్రత్యేకాధికారి గారు ఆమోదముద్ర వేశారు. బుల్లియ్య పడవను కార్యాలయం ఆవరణలో ఇటుకల మీద దింపి, ట్రైలరును రేవులోకి తోశాడు. తోస్తున్నంతసేపూ పైకే తిట్టాడు. ఎవరిని తిడుతున్నాడో చెప్పలేదు కాబట్టి అతని మీద చర్య తీసుకోలేకపోయారు.

వారం రోజులు ట్రైలరు ఏట్లో ఉంది. గేదెలు దానికి వీపు రుద్దుకున్నాయి. చాకిరేవు వాళ్లు దుప్పట్లు ఆరేసుకున్నారు. రోజూ పొద్దున్నే రెవెన్యూ సిబ్బంది గట్టు మీద నిలబడి, బాధితులు ఇంకా నీళ్లలోనే ఉన్నట్టు ఫోటో తీసుకుని వెళ్లేవాళ్లు. గడువయ్యాక బయటికి లాగితే చక్రాలకు నాచు పట్టింది, బేరింగుల్లోంచి ఎర్రటి నీళ్లు కారాయి. హైమవతి గారు స్వయంగా వచ్చి చూసి, "ఇప్పుడు బాగుంది," అని ధ్రువపత్రం మీద సంతకం చేసింది.

ముంపు బాధితుడికి ముట్టాల్సినవి ముట్టాయి. సభ పెట్టారు. ఎడమ చక్రానికి కుటుంబ యజమాని హోదాలో బియ్యం బస్తా, కందిపప్పు, పామాయిల్ ప్యాకెట్టు, ఒక దుప్పటి ఇచ్చారు. ప్రత్యేకాధికారి గారు దుప్పటిని టైరు చుట్టూ కప్పి, దాని భుజం ఎక్కడుంటుందో ఆలోచించి, అక్కడ తట్టారు. ఫోటోగ్రాఫరు మరొక్కసారి తట్టమంటే మళ్లీ తట్టారు.

సభ అయ్యాక చిదంబరం పరాంకుశం గారి వెంట పడ్డాడు. "ధ్రువపత్రం వచ్చింది కదండీ, మరి జిడ్డులేపనం?"

"తొలి విడత సాయంలో నూనె ఇచ్చారుగా. నూనె జిడ్డు కాదా? అది వాడినట్టు వినియోగ పత్రం ఇవ్వండి. రెండో విడతలో చూద్దాం."

రెండో విడత కంటే ముందు పునరావాసం వచ్చింది. ముంపు బాధితులందరికీ మెట్ట మీద కాలనీలో స్థలం ఇస్తారు, ఎడమ చక్రానికి కూడా ఇచ్చారు. తాటాకు పాక, గుమ్మం మీద నంబరు, పక్కన కొళాయి. పడవను మళ్లీ నెత్తికెత్తించి ట్రైలరును అక్కడికి తరలించారు. గుమ్మానికి మామిడి తోరణం కట్టింది బుల్లియ్యే. పోనీలే, నీడపట్టున ఉంటుందని చిదంబరం కూడా సంతోషించాడు. స్థలం పట్టాలో చివరి వాక్యం మాత్రం ఎవరూ చదవలేదు.

శ్రావణం వచ్చింది. వరహాలు లంకకు వెళ్లింది. ఎగువన ఎక్కడో కురిసిన వానలకు గోదావరి ఒక్కసారిగా ఎర్రబారి, గట్లు నాకుతూ లేచింది. పొద్దున్నే చిదంబరం పళ్లు తోముకుంటుండగా ఫోను మోగింది.

"ఏవండీ, మేవందరం మా తమ్ముడి డాబా మీదున్నాం. వంటిల్లు గోడ పడిపోయింది. గేదె కొట్టుకుపోయిందండీ, మా తమ్ముడు సత్తిరాజు చిన్నపిల్లాడిలా ఏడుస్తన్నాడు. మెట్లు ఒక్కోటీ ములుగుతున్నాయి. పడవ పంపించండి."

చిదంబరం నోట్లో నురగ అలాగే ఉండిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో వరహాలు అతన్ని ఒక్క పని చెయ్యమని ఇంత మెత్తగా అడగలేదు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని కాలనీకి పరిగెత్తాడు. అప్పటికే బుల్లియ్య జీపుకు ట్రైలరు తగిలించి ఉంచాడు. దానికి ఎదురుగా హైమవతి గారు గొడుగు వేసుకుని నిలబడి ఉంది.

"వీల్లేదండీ," అంది ఆవిడ బాధగా. "పట్టా చూడండి. ‘పునరావాసము పొందిన బాధితులు తిరిగి ముంపు ప్రాంతమునకు పోరాదు.’ ఒకసారి కాపాడినవాళ్లను చేతులారా మళ్లీ వరదలోకి తోస్తానా?"

"అమ్మా, అది పడవను మోసే బండి! వరదలోకి వెళ్లడానికే పుట్టింది!"

"అలా అనకండి. ఎవరూ వరదలోకి వెళ్లడానికి పుట్టరు."

"మా ఆవిడ డాబా మీద ఉందండీ," అన్నాడు చిదంబరం. ఒక్క కొత్త మాట కూడా రాలేదు.

హైమవతి గారు కరిగింది. ఆవిడ మనసు మంచిదే, దాన్ని బయటికి తీసుకురావడానికి ఒక నిబంధన కావాలంతే. కాసేపు ఆలోచించి, "బాధితుడు తన ఇష్టపూర్వకంగా వెళుతున్నట్టు రాసిస్తే అభ్యంతరం లేదు. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు," అంది.

చిదంబరం కాగితం మీద రెండు వాక్యాలు రాసి బురదలో పరిచాడు. బుల్లియ్య జీపును జానెడు ముందుకు కదిపాడు. ఎడమ చక్రం కాగితం మీద నుంచి నిదానంగా వెళ్లింది. గీతలన్నీ స్పష్టంగా పడ్డాయి. హైమవతి గారు ముద్రను గొడుగు కింద పట్టుకుని చూసి, పక్కకు తప్పుకుంది.

మెట్ట దిగేలోపే చక్రం అరవడం మొదలుపెట్టింది. ముందు కీచుమంది, తర్వాత మూలిగింది, తర్వాత పొగ వచ్చింది. బుల్లియ్య జీపు ఆపి, వెనక పడేసిన పామాయిల్ ప్యాకెట్టు పళ్లతో కొరికి, చక్రం మధ్యలో పోసేశాడు. మళ్లీ కదిలేసరికి రోడ్డంతా గారెలు వేస్తున్న వాసన వచ్చింది. గొడుగులు వేసుకుని వరద చూడ్డానికి వెళుతున్నవాళ్లు ఆగి, ఎవరింట్లోనని అటూ ఇటూ చూశారు.

"ఇంకెంత దూరం?" అన్నాడు చిదంబరం.

"దూరం నన్నడక్కండి, చక్రాన్నడగండి," అన్నాడు బుల్లియ్య.

గట్టు రోడ్డు వాలులో ఎడమ చక్రం ఊడింది. ఊడి, కాస్త దూరం జీపు పక్కనే పరిగెత్తింది. చిదంబరం దాన్ని కిటికీలోంచి కళ్లారా చూశాడు. తర్వాత దాని దారిన అది పల్లంలోకి దొర్లి, వరద నీళ్లలో బుడుంగుమని మునిగిపోయింది. ట్రైలరు కూలబడింది. పడవ ఓ పక్కకు ఒరిగి, తాళ్లతో వేలాడుతూ ఉండిపోయింది. ఇద్దరు మనుషులు మోసేది కాదు, ఏటి గట్టు ఇంకా దూరం ఉంది. బుల్లియ్య చేతులెత్తేశాడు. చిదంబరం రోడ్డు మీద చతికిలబడి, తన మాట తననే ఇలా కొట్టిందేమిటా అని ఏడ్చాడు.

అంతలో కింద తడి తగిలింది. ఎక్కడో గండి పడినట్టుంది, నీళ్లు రోడ్డు మీదికి పాకుతూ వస్తున్నాయి. చీలమండ దాకా వచ్చాయి, మోకాళ్ల దాకా వచ్చాయి. పడవ కదిలింది. వరద దగ్గరికి పడవ వెళ్లలేకపోతే, పడవ దగ్గరికి వరదే వచ్చింది. బుల్లియ్య తాళ్లు కోసి, ఇంజను తాడు లాగాడు.

డాబా మీద నుంచి పిల్లల్నీ ముసలాళ్లనీ ముందు దించి, చివరికి వరహాలు దిగింది. తడిసి ముద్దయి ఉంది. పడవలో కూర్చున్నాక మొగుణ్ణి తేరిపార చూసి, "గ్రీజు పెట్టారా?" అని అడిగింది. చిదంబరం తల అడ్డంగా ఊపాడు.

వరద తీశాక శాఖ తీరిగ్గా కూర్చుంది. ఎడమ చక్రాన్ని ‘గల్లంతు’ అని నమోదు చేశారు. కొత్త చక్రం కొనమని చిదంబరం అడిగితే, గల్లంతైనవారు ఏడేళ్లు గడిస్తే గాని చనిపోయినట్టు కాదనీ, బతికుండగా వారి స్థానంలో ఇంకొకరిని వేయడం భావ్యం కాదనీ పరాంకుశం గారు తేల్చారు. పడవ మాత్రం రోడ్డు దాకా సకాలంలో చేరినందుకు ప్రత్యేకాధికారి గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

లంకవాళ్లు సాయం కోసం తహసీల్దారు కార్యాలయం ముందు వరస కట్టారు. సత్తిరాజు వంతు వచ్చింది. వెనకాల అక్క, బావ నిలబడ్డారు.

"ఇంట్లో నీళ్లు ఎన్నాళ్లున్నాయి?" అంది హైమవతి గారు.

"ఆరు రోజులండి."

ఆవిడ కలం కింద పెట్టేసింది. ఆ జాలి చిదంబరం ఎరిగినదే. "ఇంకొక్క రోజు ఉండుంటే బాగుండేది బాబూ."

"ఉండమని నేనెవరికి చెప్పనండి? గేదె పోయింది. గింజ లేదు ఇంట్లో."

వరహాలు మొగుడి వైపు తిరిగింది. కోపంగా కాదు, సందేహం తీర్చుకోవడానికి అడిగినట్టే అడిగింది. "ఏవండీ, మా తమ్ముడు ఏం చేస్తే చక్రమవుతాడో కాస్త కనుక్కుని చెప్పండి."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. చిదంబరానికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో కిందికి చూస్తే, హైమవతి గారి బల్ల పక్కనే ఒక బస్తా, దాని మీద ఒక జిడ్డులేపనం డబ్బా కనిపించాయి. బస్తాకు చీటీ కట్టి ఉంది: ‘రెండో విడత. కుడి చక్రం.’

"ఇవి ఇంకా ఇక్కడే ఉన్నాయేంటండీ?"

"ఏం చెయ్యమంటారు? యజమాని గల్లంతయ్యాడు. తమ్ముడు మిగిలాడు. తయారై రెండేళ్లు కూడా కాలేదు, మైనరు. పెద్దదిక్కు లేకుండా ఎవరి చేతికివ్వను?" అంది హైమవతి గారు.

చిదంబరం గొంతు సవరించుకున్నాడు. చాలా రోజుల తర్వాత అతనికి ఒక మాట తట్టింది.

"పెద్దదిక్కు ఉన్నాడండీ. ఈడ్పుబండి అన్న పేరును కన్నది నేను. అంటే అది నా బిడ్డ. నా బిడ్డకు మా ఆవిడ తమ్ముడు మేనమామ. బండికి మేనమామ అయితే చక్రానికి తాత వరస కాడా?"

హైమవతి గారు వేళ్ల మీద లెక్క వేసుకుంది. రెండుసార్లు వేసుకుంది. వరస సరిగ్గా కుదిరింది. ఆవిడ ముఖం విప్పారింది. "ఈ మాట ముందే చెప్పొద్దూ!" అని, ‘సంరక్షకుడు: సత్తిరాజు, తాత వరస’ అని రాసి, బస్తా, డబ్బా రెండూ అతని ముందుకు తోయించింది.

బస్తా భుజాన వేసుకుని, డబ్బా చేత్తో పట్టుకుని, సత్తిరాజు బయటికి వచ్చాక అడిగాడు. "బియ్యం సరేనండి బావగారూ, ఈ జిడ్డు నేనేం చేసుకోను?"

"మెట్ట మీదికి పద, చెబుతాను," అన్నాడు చిదంబరం.

ట్రైలరు మళ్లీ కాలనీకి చేరి ఉంది, ఓ పక్క ఇటుకల మీద, ఓ పక్క కుడి చక్రం మీద. వరహాలు కొళాయి దగ్గర మూడు రాళ్లు పెట్టి ఎసరు పెట్టింది. బుల్లియ్య బేరింగు విప్పాడు, చిదంబరం చొక్కా చేతులు మడిచి తుప్పు కడిగాడు, సత్తిరాజు డబ్బాలోంచి వేళ్లతో తీసి లోపలికి కూరాడు. పెట్టాక తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఎక్కడికీ వెళ్లే వీలు లేదు, ఇంకా ఏడేళ్లు. అయినా చాలాసేపు తిరిగింది.

వరహాలు అన్నం వార్చి, ఆకులు పరిచి, తమ్ముణ్ణి పిలిచింది. "నువ్వు కూర్చునే ముందు మీ మనవడికి పెట్టావురా?"

సత్తిరాజు జిడ్డు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"పెట్టానక్కా, కడుపునిండా."